బడి పేజీలో నేను కలిపిన వాక్యం

ఆ వాక్యం రాసింది నేనే. ఎవరో పనిలేని ఆకతాయి రాశాడని మా కాలేజీలో అనుకున్నారు. మోతుబరి కుటుంబమే డబ్బిచ్చి రాయించుకుందని పల్లెలో అనుకున్నారు. తర్వాత్తర్వాత, నా దగ్గర చదువుకుంటున్న ఆ పల్లె అమ్మాయే అమ్ముడుపోయి రాసిందన్నారు. అన్నీ నా చెవిన పడ్డాయి. నేను నోరు మెదపలేదు.

ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో దర్శికి అవతల ఉన్న ఒక ఊరి పేజీలో, బడి గురించి ఉన్న వాక్యం అది. ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ అమ్మాయి వద్దంది, అడిగే హక్కు ఆమెకుంది.

నేను పీజీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మాది అద్దంకి వైపు పల్లెటూరు. మా నాన్న మిరప, పత్తి పండించేవాడు. ఆయనకి విత్తనాల కొట్టువాడి మీద నమ్మకం లేదు, పురుగుమందు డబ్బా మీద నమ్మకం లేదు, కాటా మీద అసలే లేదు. ఆ తప్పు పూర్తిగా ఆయనది కాదు. నకిలీ విత్తనం వేసి, ఏపుగా పెరిగి కాయ పట్టని చేను చూసిన మనిషికి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? చిన్నప్పుడు ఆయనతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళేవాణ్ణి. టిక్కీ అంటాం మేం మిర్చి బస్తాని. కొనేవాడు టిక్కీ మూతి దగ్గర చూడడు. నడుం దగ్గర గోతం చీల్చి, చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, పిడికెడు కాయలు తీసి వెలుతురులో పెట్టి చూస్తాడు. పైన ఎర్రటి కాయలు పోసి మధ్యలో తెల్లబడిన తాలు కాయలు కలిపారేమోనని. "పైపైన చూసేవాడు చుట్టంరా, నడుం కోసి చూసేవాడే వ్యాపారి" అనేవాడు నాన్న. ఆ మాట ఆయన కోపంతో అనేవాడో మెచ్చుకోలుగా అనేవాడో నాకు ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం మెచ్చుకోలుగానే పట్టుకున్నాను.

చదువు చెప్పేటప్పుడు కూడా నాది అదే చూపు. పిల్లలు అసైన్‌మెంట్లు ఇస్తే చదవడం కంటే ఎక్కడి నుంచి ఎత్తారో వెతకడమే నాకు ముఖ్యమైపోయింది. వాళ్ళు కూడా నన్ను నిరాశపరిచేవారు కాదు. ఆ విజ్ఞాన సర్వస్వంలోంచి ఎత్తి, లింకుల నీలం రంగు కూడా తీయకుండా ప్రింటు తీసి ఇచ్చేవారు. సగం క్లాసు ఒకే పేజీ ఎత్తితే అందులో ఉన్న ఒకే తప్పు సగం క్లాసుకీ వచ్చేది. ఒక ఏడు విసుగొచ్చి అనుకున్నాను, అక్కడి నుంచి దొంగిలించే బదులు అక్కడే వీళ్ళ చేత రాయిస్తే? కాపీ రాతలు ఉంటే అక్కడ కాపలా కాసే వాళ్ళే పట్టుకుంటారు.

మా విభాగం అధిపతికి ఈ ఆలోచన నచ్చలేదు.

"దొంగ చేతికి తాళాలిస్తున్నారు మాస్టారూ" అన్నారాయన. "దాంట్లోంచి కాపీ కొట్టొద్దురా అని మనం మొత్తుకుంటుంటే, మీరు వీళ్ళ చేత అందులోనే రాయిస్తానంటారేంటండీ?"

"తప్పు రాస్తే అక్కడివాళ్ళు తీసేస్తారు సార్. మనకి సగం పని తప్పుతుంది."

"అక్కడివాళ్ళంటే ఎవరు?"

"ఎవరైనా కావొచ్చండి."

"ఎవరో తెలియని వాళ్ళ చేతిలో మన ఇంటర్నల్ మార్కులు పెడతారా? రేపు తనిఖీ వాళ్ళు అడిగితే ఏం చెప్పను?" అని, కాసేపు పెన్ను తిప్పి, "కానీండి. మంచి జరిగితే విభాగం పేరు, చెడు జరిగితే మీ పేరు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

పని ఏమిటంటే, ఎవరి ఊరి పేజీ వాళ్ళు రాయాలి. ఉన్న పేజీ అయితే పెంచాలి. రాసే ప్రతి సంగతికీ అచ్చులో వచ్చిన మూలం చూపించాలి. ప్రతి పేజీ వెనకా ఒక చరిత్ర ఉంటుందని, ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో, ఏ పేరుతో చేశారో అందులో ఉంటుందని చెప్పాను. అక్కడ అసలు పేర్లు అక్కర్లేదు. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. తెలిసి తెలిసి అబద్ధం రాయడం అక్కడ అన్నిటికన్నా పెద్ద తప్పని బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన చెయ్యి నాదే.

"మా ఊళ్ళో ఏమీ లేదు సార్. బస్సు కూడా ఆగదు" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

"అదే రాయి. బస్సు ఆగదని."

"దానికి మూలం ఏం చూపించాలి సార్? నేను నిలబడ్డాను, ఆగలేదు."

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ ప్రశ్నలో ఎంత బరువుందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆ అమ్మాయి ముందు వరసలో కూర్చునేది. పెద్దగా మాట్లాడేది కాదు. వాళ్ళది ఊరికి విడిగా, తూర్పున చర్చి ఉన్న కూలివాళ్ళ పల్లె. వాళ్ళమ్మ, నాయనమ్మ కూలి పనులకి వెళ్తారు, పత్తి తీతలు, మిరప కోతలు. సీజన్లో ఈమె కూడా క్లాసు మానేసి వెళ్ళేది. వచ్చాక వేళ్ళు మండుతూ ఉంటే పెన్ను రుమాలుతో పట్టుకుని రాసుకునేది. ఊరి పేజీ రాయమంటే మిగతా వాళ్ళు జనాభా, పిన్ కోడు, దగ్గరి రైల్వే స్టేషను రాసి ముగించారు. ఈమె కాలువ నీళ్ళు వచ్చాక జొన్న చేలు మిరప చేలు ఎలా అయ్యాయో రాసింది. కల్లాల్లో కాయ ఆరబోస్తే ఊరికి ఊరే ఎలా తుమ్ముతుందో రాసింది. తర్వాత బడి గురించి ఇలా రాసింది: "పల్లెలోని ఈ బడి మొదటి గదిని కూలి కుటుంబాలు గుట్ట నుంచి రాళ్ళు మోసుకొచ్చి తామే కట్టుకున్నాయి."

నేను పిలిపించి అడిగాను.

"దీనికి మూలం ఏదమ్మా?"

"మా నాయనమ్మ సార్."

"నాయనమ్మ మూలం కాదు."

"రాళ్ళు మోసింది ఆమే కదా సార్."

"మోసినామె చెప్తే అది జ్ఞాపకం. ఇంకొకరు విని అచ్చేస్తే మూలం."

"అయితే ఆమె మోసింది అబద్ధం అయిపోద్దా సార్?"

"అబద్ధం అనలేదు. నమ్మడానికి లేదు అంటున్నాను."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. వాక్యం మాత్రం తీయలేదు. దాని పక్కన 'మూలం కావాలి' అన్న గుర్తు ఎవరో తగిలించారు. అది అలాగే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే నా అనుమానం మూలం గురించి కాదు. ఆ రాత ఆమెది కాదేమోనని. వాక్యాలు అంత శుభ్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇంటర్నెట్‌లో పెట్టి వెతికాను. ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే మనసు కుదుటపడాలి కదా. నాకు ఎదురు జరిగింది. దొరకని దొంగ పెద్ద దొంగ అనిపించింది.

అప్పుడు ఆ ఉపాయం తట్టింది. తానే రాసిన పేజీ అయితే దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటారు, ఎవరైనా చెడగొడితే వెంటనే పట్టుకుంటారు. ఎత్తుకొచ్చి అతికించిన వాళ్ళు మళ్ళీ తొంగి కూడా చూడరు. అంటే నడుం దగ్గర చీల్చి చూడాలి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, నాది కాని ఒక పేరు పెట్టుకుని, పిల్లలందరి పేజీల్లో తలా ఒక అబద్ధం కలిపాను. కనిగిరి అబ్బాయి పేజీలో కోట ఉన్న కొండని ఊరికి అవతలి దిక్కుకి జరిపాను. ఇంకొకరి పేజీలో సంత జరిగే వారం మార్చాను. ఈ అమ్మాయి పేజీలో రాళ్ళు మోసిన వాక్యం తీసేసి ఇలా రాశాను: "ఈ బడికి స్థలాన్ని, మొదటి గదిని గ్రామంలోని ఒక మోతుబరి కుటుంబం విరాళంగా ఇచ్చింది."

అబద్ధం నిజంలా ఉండాలి, లేకపోతే అది పరీక్షే కాదు. ఆ బడి గురించి నిజంలా వినిపించే అబద్ధం ఏమిటని ఆలోచిస్తే, నేను వెతుక్కోనక్కర్లేకుండా చేతికి తగిలింది అదే. మా ఊరి బడి గోడ మీద మా తాత పేరు ఉంటుంది. నిజంగా ఆయనే కట్టించాడా అని మూలం అడగాలని నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

క్లాసులో ఏమీ చెప్పలేదు. "మీ పేజీల మీద ఓ కన్నేసి ఉంచండి" అన్నాను, అంతే.

ముందు పట్టుకున్నది కనిగిరి అబ్బాయి. క్లాసులోకి వస్తూనే అరిచాడు. "ఒరేయ్, ఎవడ్రా మా కొండని జరిపింది?"

"నీ కొండ నాకెందుకురా, ఇంట్లో పెట్టుకుంటానా?" అన్నాడు బస్సు ఆగని ఊరి అబ్బాయి.

"నీ మీదే నాకు డౌటు. నిన్న నా ఫోను అడిగావు."

"పాటల కోసం అడిగా. నీ ఫోన్లో అవి కూడా లేవు, కొండొకటి ఉందా?"

వాళ్ళిద్దరికీ చాలా రోజులు మాటల్లేవు. నాకు మాత్రం లోపల సంతోషంగా ఉంది. ఉపాయం పారింది. సరిదిద్దుకున్న వాళ్ళకి మంచి మార్కులు వేశాను, పట్టించుకోని వాళ్ళకి కోశాను. కోసిన వాళ్ళలో ఈ అమ్మాయి ఉంది. అవి మిరప కోతల రోజులు. వాన పడేలా ఉందని రైతులు తొందరపెడుతుంటే కూలీల ముఠా అంతా చీకటితోనే ఆటో ఎక్కేది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను వాళ్ళ అన్న దగ్గర ఉండేది. ఇవేవీ నేను అడగలేదు. 'నిర్లక్ష్యం' అని రాసి మార్కులు తగ్గించాను. అనుమానం నిజమైందని కూడా అనుకున్నాను.

పరీక్ష అయిపోయింది కదా అని, కలిపిన అబద్ధాలు తీసేయడానికి కూర్చున్నాను. అన్నీ తీసేశాను. ఈ ఊరి పేజీకి వచ్చేసరికి నా వాక్యం నేను పెట్టినట్టు లేదు, పెరిగింది. 'ఒక మోతుబరి కుటుంబం' అన్నచోట ఒక ఇంటిపేరు, ఒక పెద్దమనిషి పేరు ఉన్నాయి. పక్కన మూలం కూడా ఉంది, ఒక దినపత్రిక జిల్లా పేజీ వార్త.

ఆ వార్త తెరిచి చదివాను. ఆ బడికి కొత్త రంగులు వేసి, గేటు కట్టి, ప్రారంభం చేయబోతున్నారు. దాని మీద రాసిన విలేకరి బడి చరిత్ర కోసం విజ్ఞాన సర్వస్వం తెరిచాడు. మోతుబరి కుటుంబం ఎవరా అని ఊళ్ళో పెద్దిల్లు చూసి తలుపు తట్టాడు. ఆ ఇంటి ముసలాయన ఏమన్నాడో తర్వాత నాకు తెలిసింది. "మా నాన్నే అయ్యుంటాడయ్యా. ఇంకెవరున్నారు ఇచ్చేవాళ్ళు?" అన్నాడట. అంతే, వార్త అయింది. ఆ వార్త చూసి ఎవరో దాన్ని తెచ్చి నా వాక్యానికి మూలంగా తగిలించారు. నేను పుట్టించిన అబద్ధం ఊరంతా తిరిగొచ్చి తనకి తానే సాక్ష్యం చెప్పుకుంటోంది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత నా అసలు పేరుతో వెళ్ళి ఆ వాక్యం తీసేశాను. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. పేజీ గురించి వాదులాడుకోవడానికి పక్కనే చర్చ పేజీ ఉంటుంది. అందులో మూలం తగిలించిన మనిషే ఇలా రాశాడు: "మూలం ఉన్న సమాచారాన్ని తీసేయకండి. తప్పని మీరనుకుంటే వేరే మూలం చూపించండి."

ఇతను ఆ కుటుంబం మనిషే అని గట్టిగా అనుకున్నాను. నిజానికి ఒక్క ముక్క రాస్తే సరిపోయేది: ఆ అబద్ధం నేను పెట్టింది, విలేకరి దాన్నే నమ్మాడు. రాయలేదు. అప్పటికి తనిఖీ బృందం వచ్చి వెళ్ళింది. అధిపతి గారు మా ప్రయోగాన్ని తెర మీద వేసి చూపించి, నా భుజం తట్టారు. దొంగ పేరుతో తప్పులు కలిపింది పాఠం చెప్పిన మాస్టారే అని తెలిస్తే అక్కడా పరువు పోతుంది, ఇక్కడా పోతుంది. కొన్నాళ్ళకి ఎవరో ఒకరు సరిచేస్తారులే అనుకున్నాను. ఎవరైనా రాయొచ్చు కదా.

కోతలు ముగిశాక ఆ అమ్మాయి వచ్చింది. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు.

"సార్, మా ఊరి పేజీ చూశారా?"

"ఏమైందమ్మా?"

"బడి వాళ్ళిచ్చారని ఉంది సార్. గేటు కాడ బండ చెక్కించి పెడతన్నారు, దాతలని వాళ్ళ పేరేసి. మా పల్లెవోళ్ళు అడ్డం పోయారు. పోతే ఊళ్ళోవోళ్ళు ఫోను తీసి చూపించారంట, 'ఇదుగో, మీ పిల్లే రాసింది చూసుకోండి' అని."

"నువ్వు రాశావని వాళ్ళకెలా తెలుసు?"

ఆమె తల దించుకుంది. "నేనే చెప్పా సార్. మొదట్లో. మన బడి గురించి ఇంటర్నెట్‌లో రాశానని చర్చిలో అందరికీ చదివి వినిపించా. మా నాయనమ్మ రెండోసారి చదవమంది. ఇప్పుడు ఆమె నాతో మాట్లాడట్లా సార్. కాలేజీలో మార్కులకో, వాళ్ళ సాయానికో మార్చి రాసిందంటన్నారు. మీరొకసారి మా ఊరొచ్చి చెప్పండి సార్. నేను రాయలేదని చెప్పండి చాలు. మాస్టారు చెప్తే నమ్ముతారు."

చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం రాదు. రూములో వేరే ఎవరూ లేరు. నేను అన్న మాట ఇదీ.

"నువ్వు రాయలేదని నాకెలా తెలుసమ్మా?"

"పేజీ చరిత్ర చూడండి సార్, మీరే నేర్పారు. అక్కడ నా పేరు లేదు. ఇంకేదో పేరుంది."

"ఆ ఇంకో పేరు నీది కాదని ఏంటి నమ్మకం? ఒకే మనిషి రెండు పేర్లతో రాయొచ్చు."

ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. "అట్టా కూడా చేస్తారా సార్?"

"చేస్తారు" అన్నాను.

కోపం కాదు ఆ చూపులో. లోకంలో ఇలాంటిది కూడా ఒకటి ఉంటుందా అని కొత్తగా తెలుసుకుంటున్న చూపు. "సరే సార్" అని వెళ్ళిపోయింది. తర్వాత ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం పెట్టేది. అంతకు మించి కోర్సు అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. బండ పెట్టేశారని విన్నాను. నాయనమ్మతో మాటలు కలిశాయో లేదో ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకడుగుతున్నాడని నన్నే అనుమానిస్తారని భయం.

తర్వాత బ్యాచ్‌లకి ఆ పని ఇవ్వడం మానేశాను. ఎందుకు మానేశారని అధిపతి గారు అడిగితే, దాన్ని నమ్మడానికి లేదండీ అన్నాను. "నేను ముందే చెప్పానా?" అన్నారాయన.

నన్ను పట్టించింది ఒక అసైన్‌మెంట్. ఈ మధ్య ఒక విద్యార్థి 'మన ప్రాంతంలో విద్యకు భూస్వాముల సేవ' అని రాసి తెచ్చాడు. చక్కగా, మూలాలతో సహా. కాపీ కాదు, తానే కూర్చుని రాశాడు. అందులో ఆ ఊరి బడి ఉంది. ఆ కుటుంబం పేరుంది. కింద మూలాలుగా పేపరు వార్త, విజ్ఞాన సర్వస్వం పేజీ, ఆ రెండింటినీ చూసి ఎవరో వేసిన ఊరి సంచిక. మూలం అనదగ్గవి అన్నీ ఉన్నాయి. పిల్లాడి తప్పు వెతకడానికి ఎర్ర పెన్ను పట్టుకున్నవాణ్ణి, ఎక్కడ సున్నా చుట్టాలో తెలియక అలాగే కూర్చున్నాను. అతనికి మంచి మార్కులే వేశాను. ఇంకేం చేస్తాను? నేను నేర్పినట్టే రాశాడు.

ఆ వారమే చర్చ పేజీలో నా అసలు పేరుతో రాశాను. ఆ దొంగ పేరు నాదే, ఆ వాక్యం నేను కావాలని పెట్టిన అబద్ధం, విలేకరికి దారి చూపింది అదే అని. ఎదుటి మనిషి వెంటనే జవాబిచ్చాడు. నేను అనుమానించినట్టు అతనికీ ఆ కుటుంబానికీ చుట్టరికం లేదు. ఎక్కడో విశాఖ వైపు ఉద్యోగం, ఆ ఊరి ముఖం కూడా చూడలేదు. "మీరు చెప్పింది నిజమే కావొచ్చండీ, కానీ మీ ఒప్పుకోలు కూడా మూలం కాదు" అని రాశాడు. చాలా చర్చ జరిగాక దాత వాక్యం తీసేశారు. రాళ్ళు మోసిన వాక్యం మాత్రం తిరిగి పెట్టలేదు. దానికీ మూలం లేదు కదా. ఇప్పుడు ఆ పేజీలో బడి ఉన్నదని మాత్రమే ఉంటుంది. దొంగ పేరుతో రాసినందుకు నా రెండు పేర్లనూ కొన్నాళ్ళు రాయకుండా ఆపేశారు. సరైన పనే చేశారు.

తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. దర్శిలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. సంగతంతా చెప్పాను.

"ఇది కూడా ఏదన్నా పరీక్షా సార్?" అంది.

"కాదమ్మా."

"నేనెట్టా నమ్మేది?"

"నన్నేం చేయమంటావో చెప్పు" అన్నాను.

"ఫోన్లో నాకు చెప్తే ఏమొస్తది సార్. ఆదివారం మా ఊరు రండి. ఆరాధన అయ్యాక."

వెళ్ళాను. బడి గేటు పక్కనుంచే చర్చికి దారి. నల్ల బండ మీద అక్షరాలకి బంగారు రంగు వేశారు, ఎండకి మెరుస్తోంది. ఆరాధన అయ్యాక వరండాలో నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. ఆమె నాయనమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. సంఘ పెద్ద, ఆడవాళ్ళు, ఇంటికి పోబోయి ఆగిన వాళ్ళు చుట్టూ చేరారు. జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే సంఘ పెద్ద ఆపాడు.

"ఎవురు పంపారు సారూ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండీ."

"ఎవురూ పంపకుండా ఇంత దూరం వచ్చి తప్పొప్పుకునేవోణ్ణి నేను చూళ్ళేదు. ఎలచ్చన్లేమన్నా వచ్చినయ్యా?"

కొందరు నవ్వారు. "ఇప్పుడు ఒప్పుకుంటే ఆ బండ ఊడొస్తదా?" అంది వెనక నుంచి ఒకామె. "వాళ్ళు వినాలంటే వాళ్ళ కాడికి పోయి చెప్పమను."

"వెళ్తానండీ. ముందు మీ దగ్గరికి వచ్చాను" అన్నాను.

నాయనమ్మ అప్పటిదాకా నా చెప్పుల వంక చూస్తోంది. తలెత్తి, "మీదేవూరు?" అంది.

చెప్పాను.

"మోతుబర్లేనా?"

"అవునండీ."

"ఊఁ" అంది. మళ్ళీ చెప్పుల వంక చూసింది.

ఆ అమ్మాయి నాయనమ్మ వెనక నిలబడి ఉంది. "మొత్తం చెప్పండి సార్" అంది. "నేనొచ్చి అడిగినప్పుడు నాతో అన్న మాట కూడా."

ఆ మాట కూడా చెప్పాను. ఒకే మనిషి రెండు పేర్లతో రాయొచ్చని ఆమెనే అనుమానించినట్టు మాట్లాడానని, అప్పటికి ఆ రెండో పేరు నాదేనని. ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నన్ను నమ్మారో లేదో నేను చెప్పలేను. నమ్మమని అడిగే స్థితిలో లేను. నాయనమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అమ్మా, ఈ బడికి రాళ్ళు మోసింది మీరు. ఇంకెవరో ఇచ్చారని రాసింది నేను. మీ మనవరాలు రాయలేదు. ఆమె రాసింది మీరు మోశారనే. దాన్ని చెరిపింది నేనే. ఆమె సాయం అడిగి నా గుమ్మంలో నిలబడిన రోజున నిజం చెప్పకుండా ఆమె మీదే అనుమానం పెట్టి పంపించాను. దానివల్ల మీ ఇంట్లో మాటలు పోయాయి. తప్పు నాదమ్మా. క్షమించండి" అన్నాను. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగాను. "నిన్ను కూడా అడుగుతున్నానమ్మా. నువ్వు రాసింది నీ రాతే. ఎక్కడి నుంచైనా ఎత్తావేమోనని వెతికాను, ఎక్కడా దొరకలేదు. అయినా నమ్మలేదు. నన్ను క్షమించు."